సబ్‌వూఫర్ వేశాక కారులో హోరు మొదలైందా? వైరు తెంపకుండా ఏఎన్‌సీ ఆపే పద్ధతి

"కొత్త సబ్‌వూఫర్ వేయించాను. అప్పటి నుంచి సిగ్నల్ దగ్గర బండి ఆగితే చాలు, గుంయ్‌మని ఒకటే హోరు. పాట ఆపేసినా పోవట్లేదు." డాలస్ చుట్టుపక్కల, న్యూజెర్సీలో అకార్డ్ నడిపే మనవాళ్ల దగ్గర ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందుకే మొత్తం పని ఒక వరసలో రాస్తున్నాను.

ఆ హోరుకి చాలాసార్లు కారణం యాక్టివ్ నాయిస్ క్యాన్సలేషన్, అంటే ఏఎన్‌సీ. పైకప్పులో ఉన్న మైకులు ఇంజన్ రొదను వింటాయి. దానికి ఎదురు శబ్దాన్ని స్పీకర్లలో పంపి రొదను తగ్గిస్తారు. హోండా వాళ్లు దీన్నే యాక్టివ్ నాయిస్ కంట్రోల్ అంటారు. తొమ్మిదో తరం అకార్డ్‌లో, అంటే అమెరికాలో 2013 నుంచి 2017 వరకు వచ్చిన బండ్లలో, ఇది అన్ని ట్రిమ్‌లలోనూ, అంటే మోడల్‌లోని అన్ని రకాలలోనూ, ఉంది. చాలా జీఎం, ఫోర్డ్ ట్రక్కుల్లో కూడా ఉంటుంది.

దీన్ని ఆపడం కష్టం కాదు. ఎక్కడ ఆపాలో తెలియకుండా కనిపించిన వైరు కట్ చేయడం వల్లే బండ్లు పాడవుతున్నాయి. కింద చెప్పిన పనులన్నీ వెనక్కి తిప్పుకోగలిగినవే. అలా తిప్పుకోలేని పని ఏదీ చేయకండి.

## 1. ముందు తేల్చుకోండి: ఆ హోరు ఏఎన్‌సీదేనా?

ఈ మెట్టు దాటేసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు. పైకప్పు విప్పి, మైకులు పీకి, చివరికి చూస్తే సైలెన్సర్ హ్యాంగర్ ఊడి ఉంటుంది. ఒక అరగంట కేటాయించి ఈ నాలుగు పరీక్షలు చేయండి.

మొదటిది. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఆడియో పూర్తిగా ఆఫ్ చేయండి. సౌండ్ తగ్గించడం కాదు, ఆఫ్ చేయాలి. ఏఎన్‌సీకి రేడియోతో పనిలేదు, పాట లేకపోయినా అది స్పీకర్లను వాడుకుంటూనే ఉంటుంది. ఆడియో ఆపాక కూడా హోరు అలాగే ఉంటే అనుమానం బలపడినట్టే.

రెండోది. డిక్కీలో కొత్త యాంప్‌కి (యాంప్లిఫయర్‌కి) వెళ్లే రిమోట్ వైరు తీసేయండి. మామూలుగా నీలం రంగులో, తెల్ల చారతో ఉంటుంది. అది తీస్తే యాంప్ నిద్రపోతుంది. హోరు ఒక్కసారిగా ఆగిపోతే ఆ శబ్దం స్పీకర్ల నుంచే వస్తోందని రుజువైంది. ఆగకపోతే చాలావరకు అది ఎగ్జాస్ట్‌దో, ఇంజన్ మౌంట్‌దో. ఈ వ్యాసం మీకు అక్కర్లేదు.

మూడోది. ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో పెట్టండి, యాంప్ పనిచేయనివ్వండి. ఇంజన్ తిరగకపోతే ఏఎన్‌సీకి పని ఉండదు, హోరు ఉండకూడదు. అప్పుడు కూడా ఉందంటే మీ వైరింగ్‌లో గ్రౌండ్ సమస్య వెతకండి.

నాలుగోది. ఫోన్‌లో స్పెక్ట్రం చూపించే యాప్ వేసుకోండి. ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ సరిపోతుంది. పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, హోరు వచ్చినప్పుడు ఎక్కువగా లేచిన గీత ఎన్ని హెర్ట్జ్ దగ్గరుందో, అప్పుడు ఆర్‌పీఎం ఎంతో రాయించండి. నడుపుతూ మీరే ఫోన్ చూడొద్దు.

ఇప్పుడు చిన్న లెక్క. ఆర్‌పీఎంని 60తో భాగించి, సిలిండర్ల సంఖ్యలో సగంతో గుణించండి. ఇంజన్ రొద ఆ హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది.

- 4 సిలిండర్లు: 1500 ఆర్‌పీఎం దగ్గర 50 హెర్ట్జ్, 2000 దగ్గర సుమారు 67, 3000 దగ్గర 100
- వీ6: 1500 దగ్గర 75 హెర్ట్జ్. మూడు సిలిండర్ల మీదే నడుస్తున్నప్పుడు 37.5
- వీ8: 1500 దగ్గర 100 హెర్ట్జ్. నాలుగు సిలిండర్లకు తగ్గినప్పుడు 50

మీరు రాసుకున్న అంకె ఈ లెక్కకు దగ్గరగా ఉండి, ఆర్‌పీఎంతో పాటు పైకీ కిందకీ కదులుతూ ఉంటే, పైగా రెండో పరీక్షలో యాంప్ ఆపగానే పోయి ఉంటే, అది ఏఎన్‌సీనే. ఆర్‌పీఎం మారినా అంకె ఒకే చోట నిలబడి, క్షణక్షణానికీ పెరుగుతూ పోతే ఏఎన్‌సీ పూర్తిగా అదుపు తప్పిందని అర్థం. చాలా ఫోన్ల మైకులు 30 హెర్ట్జ్ కిందున్న శబ్దాన్ని సరిగా పట్టవు. అందుకని ఐడిల్‌లో గీత కనిపించకపోతే కంగారు పడకుండా 1200–2000 ఆర్‌పీఎం మధ్య చూడండి.

మా స్నేహితుడి అకార్డ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 12 అంగుళాల సబ్ వేయించాడు. డి గేర్‌లో బ్రేకు తొక్కి ఆగితే చెవులు దిబ్బెళ్లు పడేవి, విమానం దిగుతున్నప్పుడు పడినట్టు. 700 ఆర్‌పీఎం దగ్గర నాలుగు సిలిండర్ల రొద 23 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. అంత కింద చెవికి శబ్దంలా వినపడదు, ఒత్తిడిలా తెలుస్తుంది. బిగించిన షాపువాళ్లు సబ్ పెట్టె లీకవుతోందని చెప్పి రెండోసారి డబ్బు తీసుకున్నారు. రిమోట్ వైరు తీసి చూపిస్తే రెండు సెకన్లలో తేలిపోయింది.

దీనితో కలగాపులగం చేసుకోకూడనివి

- యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే సన్నని కూత: ఆల్టర్నేటర్ శబ్దం, గ్రౌండ్ వైరు సమస్య. ఏఎన్‌సీ ఎప్పుడూ లావు గొంతుతోనే ఉంటుంది.
- కాలు నొక్కితే స్పీకర్లలో వచ్చే కృత్రిమ ఇంజన్ మోత: ఇది వేరే ఫీచర్. కొన్ని బండ్లలో ఏఎన్‌సీ పెట్టెలోనే ఉంటుంది కాబట్టి ఒకటి ఆపితే రెండోదీ ఆగొచ్చు.
- హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లు మెల్లగా వెళ్తున్నప్పుడు బయటికి చేసే శబ్దం: ఇది పాదచారుల కోసం, ముఖ్యంగా చూపు లేనివారి కోసం. అమెరికాలో చట్ట ప్రకారం ఉండి తీరాలి. దాని జోలికి వెళ్లొద్దు.

## 2. ఎందుకు తిరగబడుతుందో రెండు ముక్కల్లో

స్పీకర్ నుంచి బయల్దేరిన శబ్దం మైకును చేరేసరికి ఎంత ఆలస్యమవుతుంది, ఎంత తగ్గుతుంది అన్న కొలత ఫ్యాక్టరీలోనే ఏఎన్‌సీలో రాసి ఉంటుంది. ఆ కొలత ఒరిజినల్ స్పీకర్లది, ఒరిజినల్ యాంప్‌ది.

మీరు పెద్ద సబ్ పెట్టినా, డీఎస్‌పీలో (శబ్దాన్ని డిజిటల్‌గా సర్దే పరికరంలో) ఆలస్యం కలిపినా, ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తారుమారైనా ఆ కొలత తప్పుతుంది. ఆ తేడా 90 డిగ్రీల ఫేజ్, అంటే తరంగంలో పావు వంతు, దాటితే, తగ్గించడానికి పంపిన శబ్దం కలిసిపోయి రొదను పెంచుతుంది. మైకు ఇంకా ఎక్కువ వింటుంది, ఏఎన్‌సీ ఇంకా ఎక్కువ పంపుతుంది. ఆ వలయమే మీరు వింటున్న హోరు.

## 3. ఏదీ విప్పకముందు ప్రయత్నించాల్సినవి

ఏఎన్‌సీ ఉంటే బండిలో నిజంగా హాయిగా ఉంటుంది. దాన్ని ఉంచుకుంటూనే హోరు పోయే అవకాశం ఉంటే ముందు అదే చూడండి. ఒక్కోటి మార్చి, ఒక్కోసారి బండి నడిపి చూడాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

1. యాంప్ మీద ఫేజ్ స్విచ్ 0 నుంచి 180కి మార్చండి. స్విచ్ లేకపోతే సబ్ దగ్గర ప్లస్, మైనస్ వైర్లు అటుదిటు చేయండి.
2. యాంప్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) సగానికి తగ్గించండి, బాస్ బూస్ట్ సున్నా చేయండి.
3. డీఎస్‌పీ ఉంటే సబ్‌కీ డోర్ స్పీకర్లకీ పెట్టిన డిలే తీసేయండి.
4. డోర్ స్పీకర్లకు హై పాస్ ఫిల్టర్ పెట్టి ఉంటే ఆపి చూడండి. ఏఎన్‌సీ ఎదురు శబ్దం పంపేది ఆ కింది హెర్ట్జ్‌లలోనే, ఫిల్టర్ దాన్ని కోసేస్తుంది.
5. కొత్తగా వేసిన డ్యాంపింగ్ షీటో, రూఫ్ బట్టో మైకు రంధ్రాలను మూసేసిందేమో చూడండి.

ఈక్వలైజర్‌లో 50 హెర్ట్జ్ తగ్గించి సరిపెట్టుకోవాలని చాలామంది చూస్తారు. హోరుతో పాటు డప్పు దెబ్బ కూడా పోతుంది. అది పరిష్కారం కాదు.

ఫేజ్ మార్చిన వెంటనే హోరు పోయిందనుకుందాం. కనీసం రెండు రోజులు నడపండి. కిటికీలు దించి, ఎత్తి, ఏసీ వేసి, హైవే మీద చూడండి. అన్నిటిలోనూ నిశ్శబ్దంగా ఉంటే ఇక్కడితో ఆపేయండి.

## 4. మీ బండిలో ఏఎన్‌సీ ఎక్కడుందో కనుక్కోవడం

ఆపే దారి మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది. మూడు రకాలు.

విడి పెట్టె. ఏఎన్‌సీకి సొంత మాడ్యూల్ ఉంటుంది, డాష్‌బోర్డ్ లోపల ఎక్కడో బిగించి ఉంటుంది. తొమ్మిదో తరం అకార్డ్ ఈ రకమే.

యాంప్‌లో కలిసి ఉన్నది. బోస్ లాంటి సిస్టమ్ ఉన్న ట్రక్కుల్లో ఫ్యాక్టరీ యాంపే ఏఎన్‌సీ పని కూడా చేస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్‌గా ఉన్నది. చాలా ఫోర్డ్ బండ్లలో ఆడియో మాడ్యూల్‌లో ఒక అంకె మారిస్తే ఆగిపోతుంది.

ఏ రకమో తెలుసుకోవడానికి మీ బండి సంవత్సరం, ట్రిమ్ ప్రకారం వైరింగ్ డయాగ్రం చూడాలి. హోండా టెక్‌ఇన్ఫో సైట్‌లో కొద్ది రోజులకు చందా కట్టి సర్వీస్ మాన్యువల్ చూసుకోవచ్చు. ఫోర్డ్‌కి మోటర్‌క్రాఫ్ట్ సర్వీస్ సైట్ ఉంది. ఆ కొద్ది డాలర్లు దండగ అనుకోకండి. ఎవరో వీడియోలో చూపించిన పెట్టె మీ ట్రిమ్‌లో అదే చోట ఉంటుందన్న నమ్మకం లేదు.

డయాగ్రంలో ఇవి రాసుకోండి:

- ఏఎన్‌సీ మైకులు ఎన్ని, ఎక్కడ
- మాడ్యూల్ ఎక్కడ, దాని కనెక్టర్ రంగు, పిన్నుల సంఖ్య
- పాట సిగ్నల్ ఆ మాడ్యూల్ గుండా వెళ్తుందా, పక్క నుంచి వెళ్తుందా
- ఫోన్ కాల్ మైకు ఏది
- మైకులు విడివిడి వైర్లతో ఉన్నాయా, ఏ2బీ అనే డిజిటల్ లైను మీద వరసగా గుచ్చి ఉన్నాయా

చివరిది కొత్త బండ్ల విషయంలో చాలా ముఖ్యం. ఏ2బీ లైను పూలదండ లాంటిది. మధ్యలో ఒకదాన్ని పీకితే దాని తర్వాతవన్నీ పోతాయి. వాటిలో ప్రమాదం జరిగినప్పుడు సహాయానికి పిలిచే మైకు కూడా ఉండొచ్చు. అలాంటి బండిలో మైకులు పీకే దారి వద్దు.

## 5. సామాన్లు, తయారీ

- ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్ సెట్ (స్క్రూడ్రైవర్‌తో క్లిప్పులు లేపొద్దు, రూఫ్ బట్ట మీద పడ్డ నొక్కు మళ్లీ పోదు)
- 10 మి.మీ. సాకెట్, చిన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్
- తలకు పెట్టుకునే లైటు
- గుడ్డ టేపు: వైర్లకు చుట్టే నల్లటి మెత్తని రకం. మామూలు ఎలక్ట్రికల్ టేపు డాలస్ ఎండకి జిగురు కారుతుంది
- పేరు రాసి కట్టడానికి చిన్న చీటీలు
- ఫోన్. విప్పే ముందు ప్రతిదీ ఫొటో తీయండి

బ్యాటరీ తీయకముందు: రేడియో కోడ్ కార్డు దగ్గర పెట్టుకోండి. బ్యాటరీ మళ్లీ బిగించాక కొన్ని హోండాలు కోడ్ అడుగుతాయి. పవర్ విండోల ఆటో కూడా మళ్లీ నేర్పాల్సి రావచ్చు. ఆ పద్ధతి ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది.

ఎయిర్‌బ్యాగ్ జాగ్రత్త. పైకప్పు అంచుల వెంట, పిల్లర్ల లోపల సైడ్ కర్టెన్ ఎయిర్‌బ్యాగులు మడిచి ఉంటాయి. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, నెగటివ్ టెర్మినల్ తీసి, కనీసం 3 నిమిషాలు ఆగండి. మీ మాన్యువల్‌లో ఇంకా ఎక్కువ చెప్పి ఉంటే అంతసేపు ఆగండి. పసుపు కనెక్టర్లు, పసుపు గొట్టంలో ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని ముట్టుకోవద్దు, మల్టీమీటర్ పెట్టి చూడొద్దు.

## 6. మొదటి దారి: మైకులు పీకడం

మైకులు విడి వైర్లతో ఉన్న బండికి ఇదే సులువు. మైకులు కనిపించకపోతే చాలా సిస్టమ్‌లు లోపం రాసుకుని ఏఎన్‌సీని ఆపేస్తాయి. పాట మామూలుగా వస్తుంది. లోపల ఒక కోడ్ మిగులుతుంది కానీ సాధారణంగా చెక్ ఇంజన్ లైటు వెలగదు.

1. పైకప్పులో చిన్న జల్లెడలాంటి రంధ్రాలున్న చోట్లు వెతకండి. ముందు మ్యాప్ లైట్ దగ్గర, వెనక లైట్ దగ్గర ఎక్కువగా ఉంటాయి. ఎన్ని ఉన్నాయో డయాగ్రంతో సరిచూసుకోండి.
2. బ్యాటరీ తీసి, ఆగాల్సినంతసేపు ఆగండి.
3. లైటు మూతను ట్రిమ్ టూల్‌తో ఒక మూల నుంచి లేపండి. లోపల స్క్రూలుంటే తీయండి. మొత్తం పెట్టె చేతిలోకి వచ్చాక వైర్ల మీద వేలాడదీయొద్దు, ఒక చేత్తో పట్టుకోండి.
4. మైకు కోటు బొత్తామంత ఉంటుంది. దానికి రెండు మూడు సన్నని వైర్లు, చిట్టి కనెక్టర్.
5. కనెక్టర్‌ని ముందు కాస్త లోపలికే తోయండి. అప్పుడు దాని మీద నాలుకలా ఉన్న లాక్ వదులవుతుంది. గోటితో ఆ నాలుక నొక్కి పట్టి, ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకుని వెనక్కి లాగండి. వైర్లు పట్టి లాగితే పిన్ను లోపల జారిపోతుంది. మళ్లీ గుచ్చినప్పుడు అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ కనెక్షన్ ఉండదు.
6. ఊడిన కనెక్టర్‌కి గుడ్డ టేపు రెండు చుట్లు చుట్టి, పక్క వైర్ల గుత్తికి కట్టండి. వదిలేస్తే గతుకుల్లో టకటకమంటుంది.
7. "ఏఎన్‌సీ మైకు, ముందు" అని చీటీ కట్టండి, తేదీ వేయండి.
8. మిగతా మైకులకు కూడా ఇదే. అన్నీ తీయాలి. ఒకటి వదిలేస్తే కొన్ని సిస్టమ్‌లు ఆ ఒక్కదానితోనే పని కొనసాగిస్తాయి, హోరు ఇంకో చోటికి మారుతుంది.

మైకు మీద టేపు అతికించి చూశామని చాలామంది చెబుతారు. పనిచేయదు. 50 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. దాన్ని ఒక టేపు ముక్క ఏం ఆపుతుంది?

## 7. రెండో దారి: విడి మాడ్యూల్

డయాగ్రంలో పాట సిగ్నల్ ఏఎన్‌సీ పెట్టె పక్క నుంచి వెళ్తోందని ఉంటే పని సులువు. బ్యాటరీ తీసి, పెట్టె దగ్గరికి చేరి, కనెక్టర్ పీకి, చీటీ కట్టి, గుడ్డ టేపు చుట్టేయండి. అంతే.

పాట సిగ్నల్ ఆ పెట్టె గుండానే వెళ్తుంటే కనెక్టర్ పీకగానే కొన్ని స్పీకర్లో, సబ్బో మూగబోతాయి. అప్పుడు బైపాస్ హార్నెస్ కావాలి. అంటే లోపలికి వచ్చే సిగ్నల్ పిన్నుల్ని బయటికి పోయే పిన్నులతో నేరుగా కలిపే ప్లగ్. మీ మోడల్‌కి తయారుగా దొరికితే అది కొనండి. సొంతంగా చేస్తే ఒరిజినల్ కనెక్టర్ జత కొని, దానికి వైర్లు కలపండి. బండి వైరింగ్ మీద కత్తెర పెట్టొద్దు.

ఒక హెచ్చరిక. ఆ పెట్టెలోనే యాంప్ కూడా ఉంటే బైపాస్ కుదరదు. లోపలికొచ్చేది చిన్న సిగ్నల్, బయటికెళ్లేది స్పీకర్ కరెంటు. కలిపేస్తే శబ్దం రాదు, ఒక్కోసారి హెడ్ యూనిట్ (డాష్‌బోర్డ్‌లోని స్టీరియో) పోతుంది.

ఫ్యూజు తీసేస్తే సరిపోదా అని అడుగుతారు. ఆ ఫ్యూజు మీద ఇంకా ఏవేం నడుస్తున్నాయో డయాగ్రంలో చూడండి, మీకే తెలుస్తుంది.

## 8. మూడో దారి: సాఫ్ట్‌వేర్

ఫోర్డ్ బండ్లకు ఫోర్‌స్కాన్ అనే ప్రోగ్రాం ఉంది. ల్యాప్‌టాప్, రెండు క్యాన్ లైన్లనీ (బండిలోని మాడ్యూల్‌లు మాట్లాడుకునే వైర్లు) చదవగల ఓబీడీ అడాప్టర్ (బండి డయాగ్నస్టిక్ సాకెట్‌కి గుచ్చేది), ఆ ప్రోగ్రాం ఎక్స్‌టెండెడ్ లైసెన్స్ కావాలి.

1. బ్యాటరీకి చార్జర్ పెట్టండి. మధ్యలో వోల్టేజ్ పడిపోతే మాడ్యూల్ పాడవ్వొచ్చు.
2. ఏదీ మార్చకముందు అన్ని మాడ్యూల్‌ల ఫ్యాక్టరీ అంకెలు సేవ్ చేయండి. ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ.
3. మీ సంవత్సరానికి, మీ ఆడియో సిస్టమ్‌కి సరిపడే సెట్టింగ్ ఒక్కటే మార్చండి. వేరే ట్రిమ్ వాళ్ల అంకెలు మొత్తంగా కాపీ చేస్తే స్పీకర్ ట్యూనింగ్ కూడా మారిపోతుంది.
4. రాశాక ఇగ్నిషన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. పరీక్షించాకే ఇంకో మార్పు.

## 9. నాలుగో దారి: ఏఎన్‌సీ ఫ్యాక్టరీ యాంప్‌లో ఉంటే

మైకులు విడి వైర్లతో ఉంటే ముందు ఆరో భాగంలో చెప్పినట్టు మైకులే తీసి చూడండి. చాలా ట్రక్కులకు అక్కడే పని అయిపోతుంది.

కాకపోతే సిగ్నల్ తీసుకునే చోటు మార్చాలి. ఎక్కువ షాపుల్లో లైన్ అవుట్ కన్వర్టర్‌ని (స్పీకర్ సిగ్నల్‌ని కొత్త యాంప్‌కి సరిపడేలా తగ్గించే పరికరం) ఫ్యాక్టరీ యాంప్ తర్వాత వచ్చే స్పీకర్ వైరుకి తగిలిస్తారు. అక్కడ పాటతో పాటు ఏఎన్‌సీ శబ్దం కూడా కలిసే ఉంటుంది. మీ కొత్త యాంప్ రెండింటినీ పెంచుతుంది. మా స్నేహితుడి అకార్డ్‌లో కూడా కన్వర్టర్‌ని ఫ్యాక్టరీ సబ్ వైరుకే తగిలించారు.

ఫ్యాక్టరీ యాంప్‌కి ముందే, హెడ్ యూనిట్ నుంచి నేరుగా సిగ్నల్ తీసే ఇంటర్‌ఫేస్‌లు చాలా మోడళ్లకు దొరుకుతాయి. ఫ్యాక్టరీ యాంప్ మొత్తం పక్కన పెడితే ఏఎన్‌సీ దానితోనే పోతుంది. కొనేముందు అమ్మేవాళ్లను ఈ మూడూ అడగండి: సీట్ బెల్ట్, డోర్ హెచ్చరిక శబ్దాలు వస్తాయా? నావిగేషన్ గొంతు వస్తుందా? ఫోన్ కాల్స్ వినపడతాయా? కొన్ని బండ్లలో ఇవన్నీ ఆ యాంప్ నుంచే వస్తాయి.

## 10. బిగించాక పరీక్ష

- ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోయిందా? ఆరకపోతే బండి నడపకుండా వదులైన కనెక్టర్ చూడండి
- అన్ని స్పీకర్లూ మోగుతున్నాయా? ఒక్కోదాన్ని బ్యాలెన్స్, ఫేడర్‌తో విడిగా వినండి
- ఎవరికైనా ఫోన్ చేసి మాట స్పష్టంగా వెళ్తోందా అడగండి
- వాయిస్ కమాండ్ పనిచేస్తోందా
- పీ గేర్‌లో ఐడిల్, డీ గేర్‌లో బ్రేకు మీద ఐడిల్, 1200 నుంచి 2000 ఆర్‌పీఎం వరకు మెల్లగా
- మొదట రాసుకున్న హెర్ట్జ్ దగ్గర గీత తగ్గిందా

## 11. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు

మైకులన్నీ తీసినా హోరు తగ్గలేదు. తీసింది ఫోన్ మైకేమో చూడండి, కొన్ని బండ్లలో రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. కాల్‌లో మీ మాట వెళ్లకపోతే అదే జరిగింది.

హోరు పోయింది, బాస్ కూడా పోయింది. పాట సిగ్నల్ మాడ్యూల్ గుండా వెళ్తున్న బండి మీది. ఏడో భాగంలోని బైపాస్ చూడండి.

రెండు వారాలు బాగుండి మళ్లీ మొదలైంది. సర్వీస్‌కి ఇచ్చారా? ఊడిన కనెక్టర్ కనిపిస్తే మంచి మెకానిక్ దాన్ని పెట్టేస్తాడు. అందుకే చీటీ మీద "కావాలనే తీశాం" అని కూడా ఇంగ్లిష్‌లో రాయమంటాను.

కటకట శబ్దం కొత్తగా వచ్చింది. ట్రిమ్ క్లిప్ ఒకటి విరిగి ఉంటుంది, లేదా కనెక్టర్‌కి టేపు చుట్టలేదు.

వారంటీ టెన్షన్. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్–మాస్ చట్టం ప్రకారం, బండిలో మార్పు ఉందన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ తీసేయలేరు. కానీ మీరు పీకిన దాని వల్లే ఆడియోలో లోపం వచ్చిందని తేలితే ఆ రిపేరు మీ ఖర్చే.

## 12. ఆపేశాక బయటపడే రొద

ఇది ముందే తెలిసి ఉండాలి. ఏఎన్‌సీ దాచి ఉంచిన ఇంజన్ మోత ఇప్పుడు చెవికి చేరుతుంది. నాలుగు సిలిండర్ల అకార్డ్‌లో కొద్దిగానే తెలుస్తుంది. పెట్రోలు ఆదా కోసం సిలిండర్లు ఆపుకునే వీ6, వీ8లలో హైవే మీద నిలకడగా వెళ్తున్నప్పుడు బాగానే తెలుస్తుంది. నేను కూర్చున్న బండ్లలో వీ6 వాళ్లు కొందరు వారం తిరక్కుండా మైకులు మళ్లీ పెట్టించుకుని, సబ్ చిన్నది చేసుకున్నారు. అది కూడా సరైన నిర్ణయమే.

బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్లు వెనక డెక్ మీద, డిక్కీ మూత లోపల, నంబర్ ప్లేటు వెనక వేస్తే రేకుల అదురు తగ్గుతుంది. పల్చటి ఫోమ్ మాత్రం ఇంత కింది హెర్ట్జ్‌లకు ఏమీ చేయదు.

సైలెన్సర్ మార్చి ఉంటే, దాని హోరుని అక్కడే తగ్గించాలి. మంచి మఫ్లర్ షాపులో రెజనేటర్ గానీ, ఒక కొస మూసిన జే పైపు గానీ వెల్డ్ చేయిస్తే ఆ ఒక్క హెర్ట్జ్ బాగా తగ్గుతుంది. మొదట రాసుకున్న అంకె వాళ్లకు చూపించండి, పైపు పొడవు దాని మీదే లెక్కిస్తారు.

## 13. మళ్లీ మునుపటిలా చేయాల్సి వస్తే

లీజు తిరిగి ఇచ్చేటప్పుడు, బండి అమ్మేటప్పుడు ఇది తప్పదు. కొనేవాళ్లు ఒరిజినల్ ఆడియో వేయించుకుంటే వాళ్లకు ఏఎన్‌సీ కావాలి.

1. కొత్త యాంప్, సబ్ ముందు తీయండి. అవి ఉండగా మైకులు పెడితే హోరు మళ్లీ లేస్తుంది.
2. బ్యాటరీ తీసి, ఆగి, చీటీలు చూసుకుంటూ ఒక్కో కనెక్టర్ "టక్" అనే వరకు గుచ్చండి. గుచ్చాక మెల్లగా వెనక్కి లాగి చూడండి, రాకూడదు.
3. సాఫ్ట్‌వేర్‌లో మార్చి ఉంటే సేవ్ చేసిన ఫైలు తిరిగి రాయండి.
4. బాడీ కోడ్‌లు కూడా చదవగల స్కానర్‌తో పాత కోడ్‌లు చెరిపేయండి. చవక రీడర్లు ఇంజన్ కోడ్‌లు మాత్రమే చూపిస్తాయి.
5. 20 నిమిషాలు నడిపి మళ్లీ స్కాన్ చేయండి. మైకు కోడ్ తిరిగి రాకపోతే చీటీలు తీసేసి, మూతలు బిగించండి.